కారు ఏసీ సర్వీసింగ్: గ్యాస్ లెక్క, బిల్లు, వారంటీ, ఫిర్యాదు
(తరచూ అడిగే ప్రశ్నలు)

శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి విజయవాడ ఆటోనగర్‌లోనూ హైదరాబాద్ శివారు గ్యారేజీల్లోనూ ఏసీ మెకానిక్‌లకు ఊపిరి సలపదు. వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే మాట: "పోయినేడే గ్యాస్ కొట్టించాం, మళ్లీ కూలింగ్ లేదు." ఏటా డబ్బు కడుతున్నా ఎంత గ్యాస్ ఎక్కించారో, పాత గ్యాస్ ఏమైందో వాళ్లకు ఎవరూ చెప్పరు. ఏసీ గ్యాస్ గ్రాముల్లో తూచే సరుకు. ఆ లెక్క కాగితం మీదికి వస్తే పని సరిగా జరిగిందో లేదో తెలుస్తుంది. తేడా వస్తే అడగడానికి మీ చేతిలో ఆధారమూ ఉంటుంది. కింది జవాబులన్నిటికీ మూలం ఇదే.

గ్యాస్ సంగతి

ప్రశ్న: ఏసీ గ్యాస్ ఏటా పట్టించాలా?

అక్కర్లేదు. పెట్రోలులా గ్యాస్ ఖర్చయిపోదు. కంప్రెసర్ దాన్ని ఒత్తిడితో నెడుతుంది. బండి ముందుభాగంలోని కండెన్సర్‌లో అది వేడిని వదిలి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటాక డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ క్యాబిన్‌లోని వేడిని పీల్చుకుంటుంది. తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. మూసి ఉన్న ఈ దారిలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది.

అయితే కారులో రబ్బరు గొట్టాలుంటాయి, కంప్రెసర్ షాఫ్ట్ దగ్గర సీలు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాటి గుండా కొద్దికొద్దిగా గ్యాస్ తగ్గడం సహజమే. ఒక్క ఏడాదిలోనే కూలింగ్ పడిపోయేంత తగ్గిందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకకుండా మళ్లీ గ్యాస్ కొట్టడం రిపేరు కాదు, వాయిదా.

ప్రశ్న: గ్యాస్ తగ్గిందని మెకానిక్ గేజీ పెట్టి చూపించాడు. నమ్మవచ్చా?

ఇంజిన్ ఆపి ఉండగా చూసిన ఒత్తిడిని బట్టి గ్యాస్ ఎంత ఉందో తేల్చలేం. లోపల కొంతైనా ద్రవరూపంలో గ్యాస్ ఉన్నంతవరకు ఆ ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. 35 డిగ్రీల వేడిలో ఆర్-134ఏ గ్యాస్ నిండుగా ఉన్నా, సగమే ఉన్నా గేజీ దాదాపు 115 పీఎస్‌ఐ దగ్గరే నిలుస్తుంది. ఏసీ నడుస్తుండగా రెండువైపులా చూసే ఒత్తిడి వల్ల ఎక్కడ తేడా ఉందో అంచనా దొరుకుతుంది. కచ్చితమైన లెక్కకు ఒక్కటే దారి: ఉన్న గ్యాస్‌ను మెషీన్‌తో బయటికి తీసి తూచడం.

బానెట్ కింద అంటించిన స్టిక్కరు మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని కంపెనీయే రాసి ఉంటుంది. చిన్న కార్లలో అది సాధారణంగా అర కిలో లోపే. బయటికి వచ్చిన తూకాన్ని ఆ అంకెతో పోల్చితే ఎంత పోయిందో తెలిసిపోతుంది.

ప్రశ్న: సరైన పద్ధతిలో గ్యాస్ పట్టించడమంటే ఏమేం చేయాలి?

వరసగా ఐదు పనులు. ఉన్న గ్యాస్‌ను తీసి తూచాలి. లీకు వెతకాలి: నైట్రోజన్ ఒత్తిడి పెట్టి చూడవచ్చు, అతినీలలోహిత కాంతిలో మెరిసే డై వాడవచ్చు, గ్యాస్‌ను పసిగట్టే డిటెక్టర్ తిప్పవచ్చు. లీకైన చోట ఓ-రింగో, గొట్టమో, కండెన్సరో మార్చాలి. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి గాలినీ తేమనూ లాగేయాలి. వాక్యూమ్ పంపు ఆపాక గేజీ ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూడాలి. చివరగా స్టిక్కరులో ఉన్నన్ని గ్రాముల గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. బయటికి పోయినంత కంప్రెసర్ ఆయిల్‌ను కూడా తిరిగి పోయాలి.

వాక్యూమ్ దశను ఎగ్గొడితే లోపల మిగిలిన తేమ వాల్వ్ దగ్గర గడ్డకడుతుంది. ఆయిల్‌తో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. గ్యాస్ ఎక్కువైనా ప్రమాదమే. ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది, కూలింగ్ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: కూలింగ్ తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణమా?

కాదు. ముందు చవకైన కారణాలు చూడాలి. క్యాబిన్ ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుంటే గాలి సరిగా రాదు. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. కండెన్సర్ రెక్కల్లో మట్టి, పురుగులు ఇరుక్కున్నా, దాని ఫ్యాన్ తిరగకపోయినా బండి కదులుతుండగా చల్లగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే కూలింగ్ పడిపోతుంది. కంప్రెసర్ క్లచ్, రిలే, ప్రెషర్ స్విచ్, వేడిగాలిని మళ్లించే ఫ్లాప్ కూడా కారణం కావచ్చు.

ఏసీ వేసినప్పుడు బండి కింద నీళ్లు కారడం లోపం కాదు. కూలింగ్ కాయిల్ మీద చేరిన తేమ అలా బయటికి పోతుంది. ఆ నీళ్లు లోపల కాళ్ల దగ్గర కార్పెట్‌ను తడిపితే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయిందని అర్థం. దానికి గ్యాస్ పట్టించడంతో పనిలేదు.

ప్రశ్న: ఏ గ్యాస్ పడితే ఏముంది? చవకది వాడితే నష్టమేమిటి?

చాలా నష్టం. ఒకప్పటి కార్లలో ఆర్-12 ఉండేది. అది ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీ. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాన్ని 2010 నాటికి మన దేశంలో ఆపేశారు. దాని స్థానంలో ఆర్-134ఏ వచ్చింది. ఇప్పుడు కొన్ని కార్లలో ఆర్-1234వైఎఫ్ వస్తోంది. దానికి కొంత మండే గుణం ఉంది. అందుకే దాని సర్వీస్ వాల్వ్‌లు, మెషీన్లు వేరుగా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి నింపకూడదు.

ఆర్-134ఏ పేరుతో వంటగ్యాస్ జాతి గ్యాస్ నింపితే చిన్న లీకు కూడా క్యాబిన్‌లో మంటకు దారితీయవచ్చు. మిథైల్ క్లోరైడ్ కలిపిన కల్తీ గ్యాస్ ఇంకా ప్రమాదకరం. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే చాలు అంటుకునే పదార్థాన్ని తయారుచేస్తుంది. 2011లో వియత్నాం, బ్రెజిల్‌లలో ఇలాంటి కల్తీ వల్లే శీతల కంటెయినర్లు పేలి మనుషులు చనిపోయారు. సిలిండర్ మీద పేరు, కంపెనీ వివరాలు చూపించమని అడగడం మీ హక్కు. సరుకు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ధర తెలుసుకునే హక్కును వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని సెక్షన్ 2(9) స్పష్టంగా ఇచ్చింది.

ప్రశ్న: పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేస్తే ఏమవుతుంది?

ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు. భూమిని మాత్రం బాగా వేడెక్కిస్తుంది. వందేళ్ల లెక్కలో కిలో గ్యాస్ 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అర కిలో వదిలితే 715 కిలోలు. సుమారు 310 లీటర్ల పెట్రోలు మండితే వచ్చేంత. ఇలాంటి గ్యాస్‌లను తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 2028 నుంచి మన దేశంలో వాడకం ఒక పరిమితి దాటకూడదు. 2047 నాటికి 85 శాతం తగ్గాలి. అందుకే గ్యాస్‌ను వెనక్కి తీసే మెషీన్ ఉన్న గ్యారేజీని ఎంచుకోండి. ఆ మెషీన్ ఉన్నచోటే తూకం లెక్కా దొరుకుతుంది.

ప్రశ్న: ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లకు మామూలు ఏసీ మెకానిక్ సరిపోతాడా?

హైవోల్టేజీ శిక్షణ లేకపోతే సరిపోడు. వీటిలో కంప్రెసర్ బ్యాటరీ కరెంటుతో నడుస్తుంది. నారింజ రంగు తీగల్లో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. మామూలు కార్లలో వాడే పీఏజీ ఆయిల్ ఇందులో పడితే కరెంటు లీకవుతుంది, బండి మొరాయించవచ్చు. చాలా మోడళ్లలో అదే ఏసీ బ్యాటరీని కూడా చల్లబరుస్తుంది. కాబట్టి ఇక్కడ పొరపాటు జరిగితే దెబ్బ కూలింగ్‌తో ఆగదు.

బిల్లు, డబ్బు

ప్రశ్న: అడగకుండా పార్టులు మార్చేసి పెద్ద బిల్లు వేశారు. కట్టాలా?

మీరు ఒప్పుకోని పనికి డబ్బు అడిగితే దాన్ని ప్రశ్నించవచ్చు. గొడవ రాకుండా ఉండాలంటే బండి ఇచ్చేటప్పుడే జాబ్‌కార్డు మీద అంచనా రాయించండి. "దీనికి మించితే ఫోన్ చేసి అడిగాకే చేయాలి" అని పక్కనే చేర్చండి. తర్వాత ఫోన్లో ఒప్పుకున్నవి కూడా వాట్సాప్‌లో ఒక వాక్యం రాసి పంపండి. తీసేసిన పాత పార్టులు మీ సొత్తు. వెనక్కి ఇవ్వమని ముందే చెప్పండి. వారంటీ కింద ఉచితంగా మార్చినవి మాత్రం సాధారణంగా కంపెనీకే పోతాయి.

ప్రశ్న: బిల్లు ఇవ్వనంటున్నారు. "బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం" అంటున్నారు.

చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టంలోని సెక్షన్ 2(47) ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. రిపేరు కూలీ మీద జీఎస్టీ 18 శాతం. కారు పార్టుల మీద కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే. పాత 28 శాతం లెక్క వేస్తే ఒప్పుకోకండి. ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటని చిన్న సర్వీసు షాపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే పనిచేయవచ్చు. అలాంటి షాపు పన్ను పేరుతో ఏమీ వసూలు చేయకూడదు, మామూలు బిల్లు మాత్రం ఇవ్వాలి. బిల్లు మీది జీఎస్టీ నంబరు నిజమైనదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

ప్రశ్న: గ్యాస్ తూకంలో మోసం జరిగితే?

గ్యాస్‌ను గ్రాముల లెక్కన అమ్ముతుంటే ఆ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 చెప్పేది ఇదే. చిన్న డబ్బాల్లో వచ్చే గ్యాస్‌కు ప్యాకేజీ సరుకుల నిబంధనలు వర్తిస్తాయి. డబ్బా మీద నికర బరువు, ఎమ్మార్పీ, తయారీదారు చిరునామా ఉండాలి. ఎమ్మార్పీకి మించి తీసుకోకూడదు. తేడా కనిపిస్తే జిల్లాలోని ఆ శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: బిల్లు మీద గొడవ తేలేదాకా కారు ఇవ్వమంటున్నారు. ఇది చట్టబద్ధమేనా?

కొంతవరకు అవును. భారతీయ కాంట్రాక్టు చట్టం, 1872 లోని సెక్షన్ 170 ప్రకారం, ఒప్పుకున్న పనిని పూర్తిచేసినవాడు దాని కూలీ వచ్చేవరకు వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆ హక్కు ఆ పని కూలీకే పరిమితం. పాత బాకీల కోసమో, మీరు ఒప్పుకోని పని కోసమో బండి ఆపడానికి అది పనికిరాదు. బండి వాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లు జాగ్రత్తగా చూసుకునే బాధ్యత కూడా వాళ్లదే.

అత్యవసరమైతే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని బిల్లు మీద రాసి, ఆన్‌లైన్‌లో కట్టి బండి తెచ్చుకోండి. కట్టినంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదు.

వారంటీ, బీమా

ప్రశ్న: బయట మెకానిక్‌తో ఏసీ చేయిస్తే కారు వారంటీ మొత్తం పోతుందా?

"బయట ముట్టుకుంటే వారంటీ రద్దు" అని గంపగుత్తగా చెప్పడాన్ని కాంపిటీషన్ కమిషన్ తప్పుపట్టింది. శంషేర్ కటారియా ఫిర్యాదు మీద 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి గ్యారేజీలకు అందకుండా చేయడం పోటీని దెబ్బతీస్తోందని చెప్పింది. బయటి రిపేరు సరిగా చేయకపోవడం వల్ల ఏ నష్టం జరిగిందో ఆ మేరకే వారంటీ నిరాకరించవచ్చని స్పష్టం చేసింది. కంపెనీలు ఈ ఉత్తర్వు మీద అప్పీళ్లకు వెళ్లాయి.

ఆచరణలో ఇలా చేయండి. ఏసీ భాగాలు వారంటీలో ఉన్నన్నాళ్లు ఆ పని అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించుకోండి. బయట చేయిస్తే ఏం చేశారో, ఏ గ్యాస్ ఎన్ని గ్రాములు ఎక్కించారో వివరంగా బిల్లు తీసుకోండి. రేపు ఇంజినులో లోపం వచ్చినప్పుడు, ఏసీ బయట చేయించారన్న కారణంతో వారంటీ ఇవ్వనంటే ఆ సంబంధం ఏమిటో లిఖితపూర్వకంగా చెప్పమని అడగండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో ఆటోమొబైల్ కంపెనీల వివరాలు కూడా ఉన్నాయి.

ప్రశ్న: ఏసీకి బీమా వర్తిస్తుందా?

ప్రమాదంలో కండెన్సర్ పగిలితే వర్తిస్తుంది, సమగ్ర పాలసీ ఉంటే. వాడకంలో అరిగిపోయినా, కంప్రెసర్ దానంతటదే చెడిపోయినా వర్తించదు. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగు తీసేస్తారు. లోహ భాగాలకు బండి వయసును బట్టి తరుగు ఉంటుంది. జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే ఆ కోత తప్పుతుంది. గ్యాస్ ఖర్చు రావాలంటే మాత్రం కన్‌జ్యూమబుల్స్ అనే అదనపు రక్షణ ఉండాలి. క్లెయిమ్ వేసేముందు పాలసీలో అది ఉందో లేదో చూసుకోండి.

రోడ్డు నిబంధనలు

ప్రశ్న: ఏసీ మీద భారం తగ్గుతుందని అద్దాలకు సన్‌ఫిల్మ్ వేయించవచ్చా?

కేంద్ర మోటారు వాహనాల నిబంధన 100 ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. అవిషేక్ గోయెంకా కేసులో 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అద్దాలకు ఫిల్మ్ అంటించడాన్ని నిషేధించింది. 2021 ఏప్రిల్ నుంచి సవరించిన నిబంధనలో 'సేఫ్టీ గ్లేజింగ్' చేరింది. దాని ఆధారంగా, వెలుతురు శాతం పాటించే ప్రామాణిక ఫిల్మ్‌ను వాడవచ్చని 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పును చూపి వాదించవచ్చు. అయినా మన రాష్ట్రాల్లో పోలీసులు 2012 తీర్పు ప్రకారం చలానా రాసే అవకాశం ఉంది. నల్ల ఫిల్మ్ మాత్రం ఎక్కడా చెల్లదు. బండి నీడలో ఆపడం, ఆపి ఉంచినప్పుడు అద్దాలకు తెరలు పెట్టడం, బయల్దేరేటప్పుడు కాసేపు కిటికీలు దించి వేడిగాలిని పంపించేయడం ఏ చిక్కూ లేని దారులు.

ప్రశ్న: లారీ డ్రైవర్ క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరా?

2025 అక్టోబర్ 1 నుంచి తయారైన ఎన్2, ఎన్3 తరగతి సరుకు వాహనాలకు, అంటే 3.5 టన్నులకు మించిన లారీలకు తప్పనిసరి. కేంద్రం 2023 డిసెంబర్‌లో ఈ నిబంధన తెచ్చింది. అంతకుముందు తయారైన లారీలకు ఇది వర్తించదు. రోహిణి కార్తెలో ఇంజిను వేడి పక్కనే కూర్చుని రాత్రింబవళ్లు నడిపే మనిషికి ఏసీ విలాసం కాదు, భద్రత. కొత్త లారీ కొనే యజమానులు ఆ ఏసీ పనిచేసేలా చూసే ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి.

ప్రశ్న: యాప్‌లో ఏసీ క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ ఏసీ వేయనంటున్నాడు.

ఏసీ ప్రయాణం అని చెప్పి డబ్బు తీసుకున్నాక వేయకపోవడం సేవా లోపం. ఇలాంటి ఫిర్యాదుల మీదే 2022 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ రెండు పెద్ద క్యాబ్ కంపెనీలకు నోటీసులిచ్చింది. అయితే డ్రైవర్ గోడునూ వినాలి. కిలోమీటరుకు కంపెనీ ఇచ్చేది ఇంధనం ఖర్చుకే చాలడం లేదంటూ 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో డ్రైవర్ల సంఘం 'నో ఏసీ' ఉద్యమం చేసింది. మాట ఇచ్చింది కంపెనీ, రేటు పెట్టింది కంపెనీ. కాబట్టి డ్రైవర్‌తో తగవు పడకుండా ఫిర్యాదు కంపెనీ మీదే పెట్టండి. ఏసీ టికెట్ తీసుకున్న బస్సులో ఏసీ పనిచేయకపోయినా ఇదే సూత్రం.

ఫిర్యాదు

ప్రశ్న: రిపేరు చేసిన పది రోజులకే కూలింగ్ పోయింది. ఎక్కడికి వెళ్లాలి?

మొదట గ్యారేజీకే రాతపూర్వకంగా చెప్పి, సరిచేయడానికి గడువు ఇవ్వండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపుంటే కేసు అక్కడికే వస్తుంది. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు నివసించే లేదా పనిచేసే చోటి కమిషన్‌లోనే వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి.

డబ్బు వాపసు, లోపం సరిచేయడం, నష్టపరిహారం, కేసు ఖర్చులు కోరవచ్చు. వేరే గ్యారేజీలో చూపించి, లీకు ఎక్కడుందో, బయటికి తీస్తే ఎన్ని గ్రాములు వచ్చిందో రాయించుకుంటే మీ వాదనకు అదే బలం.

ప్రశ్న: నేను సొంత క్యాబ్ నడుపుకుంటాను. వినియోగదారుడిగా కేసు వేయగలనా?

వేయవచ్చు. వ్యాపారం కోసం తీసుకున్న సేవలకు వినియోగదారుల రక్షణ చట్టం సాధారణంగా వర్తించదు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే అయితే మాత్రం సెక్షన్ 2(7) వివరణ మిమ్మల్ని వినియోగదారుగానే చూస్తుంది. ఏసీ లేక పోయిన బుకింగ్‌ల వివరాలు యాప్ నుంచి దింపి దాచుకోండి. నష్టాన్ని చూపడానికి అవి కావాలి.

ప్రశ్న: బండి ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఏమేం రాయించుకోవాలి?

ఇచ్చేటప్పుడు:
- సమస్య ఏమిటో మీ మాటల్లో, కిలోమీటర్ల రీడింగ్‌తో
- పని అంచనా, అంతకు మించితే అడగాలన్న షరతు
- పాత పార్టులు వెనక్కి ఇవ్వాలన్న మాట

తీసుకునేటప్పుడు:
- బయటికి తీసిన గ్యాస్ ఎన్ని గ్రాములు, ఎక్కించింది ఎన్ని గ్రాములు, ఏ గ్యాస్
- లీకు ఎలా వెతికారు, ఎక్కడ దొరికింది, ఏం మార్చారు
- వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, ముల్లు నిలిచిందా
- ఏ ఆయిల్ ఎంత పోశారు
- పనికి ఎన్నాళ్ల గ్యారంటీ

ఇవి అడిగితే మెకానిక్‌ను అనుమానించినట్టు కాదు. లీకు పట్టుకోవడానికి గంటలు వెచ్చించి, తూకం ప్రకారం గ్యాస్ ఎక్కించే మెకానిక్, ఐదు నిమిషాల్లో గ్యాస్ కొట్టి పంపే పక్క షాపు రేటుతో పోటీ పడలేక నష్టపోతున్నాడు. గ్రాముల లెక్క అడిగే కస్టమర్లు పెరిగితే అలాంటి పనివాడి శ్రమకు తగిన ధర దక్కుతుంది. ఈ వేసవిలో మీ బండి ఇచ్చేటప్పుడు ఆ లెక్క రాసివ్వమని అడగండి.